గంజి కేంద్రం నుంచి ఫ్యాటీ లివర్ దాకా: నల్లమల వార పోషణ కొలతల చరిత్ర

తిండి వల్ల కాలేయానికి కొవ్వు రెండు దారుల్లో పడుతుంది. తిండి చాలక, అందులోనూ మాంసకృత్తులు కరువై పట్టేది ఒకటి. తిండి ఎక్కువై, అందులోనూ పిండిపదార్థం పెరిగి, ఒంటికి కదలిక తగ్గి పట్టేది ఇంకొకటి. మొదటిది కరువు కాలపు పసిబిడ్డల జబ్బు, రెండోది ఇవాళ్టి నడివయసు వాళ్ల జబ్బు. కర్నూలు, కడప, నంద్యాల సీమ నూట యాభై ఏళ్లలో ఈ రెండు దారులకూ సాక్షిగా నిలిచింది. మనిషి ఒంట్లో పోషణ ఏ మేరకు ఉంది, లోపల వాపు ఏ స్థాయిలో ఉంది, వీటిని బట్టి ఆ మనిషి కోలుకుంటాడా లేదా అని ముందుగా చెప్పే కొలతలు కూడా ఇదే కాలంలో పుట్టి పెరిగాయి. కరువు శిబిరాల్లో కంటితో చూసి వేసిన అంచనాలుగా మొదలైన ఆ కొలతలు ఇప్పుడు ఒక గొట్టం నెత్తురుతో తేలే అంకెలయ్యాయి.

నీటి వార, మెట్ట వార

నంద్యాలకు తూర్పున, నల్లమల కొండల పడమటి అంచున మహానంది ఉంది. నవనందుల్లో ఇది ప్రధానమైనది. గర్భగుడిలో లింగం అడుగు నుంచి ఊరే నీరు కోనేళ్లలోకి వచ్చి, అడుగున పడిన నాణెం కూడా కనిపించేంత తేటగా నిలుస్తుంది. కోనేళ్లు దాటిన నీరు చుట్టుపక్కల వరి మళ్లకూ అరటి తోటలకూ పారుతుంది. ఎండాకాలంలోనూ ఊట ఆగదు. అయితే ఈ పచ్చదనం కొండ వారకే పరిమితం. కాస్త పడమటికి దిగితే నంద్యాల నల్లరేగడి, ఇంకా అవతల కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు మెట్ట చేలు వస్తాయి. అక్కడ వాన పడితేనే పంట.

ఆ మెట్ట చేల తిండి శతాబ్దాల పాటు జొన్న, కొర్ర, సజ్జ, ఆరికలు. రేగడిలో పచ్చజొన్న, ఎర్రనేలల్లో కొర్ర పండేవి. పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్నరొట్టె గాని కొర్రన్నం గాని, దానికి తోడు పప్పు, గోగాకు, ఉలవల చారు ఉండేవి. వరి అన్నం పండగకూ పెళ్లికీ వండేది. జొన్నతో పాటు కందిని సాళ్లలో కలిపి వేసే పద్ధతి వల్ల పేదవాడి ముద్దలోకీ కొంత పప్పు చేరేది. మంచి కాలంలో ఈ తిండి కష్టం చేసే ఒంటికి సరిపోయేది. వాన తప్పితే మొదట మాయమయ్యేది పప్పే, తర్వాత గింజ.

కర్నూలు-కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట నుంచి తవ్వించింది. రేగడిలో జొన్న వానకే పండుతుంటే నీటికి డబ్బు కట్టడమెందుకని రైతులు మొదట్లో వెనకాడారు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. ఈ రెండు ఘటనలకు నడుమ వచ్చిన కరువు సీమ జనాభా లెక్కలనే మార్చేసింది.

ధాత కరువు, ఒక పౌను గింజలు

కర్నూలు సీమకు కరువు కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి, ఊరి దగ్గరే అంబలి కాయించి వేలమందికి పోయించాడు. ఆయన దానం గురించి పాటలు నేటికీ పాడుతున్నారు. పదేళ్లకు ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, వానలు పూర్తిగా మొహం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో అత్యంత ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ జిల్లా జనాభా నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. చచ్చినవాళ్లు, వలసపోయినవాళ్లు, పుట్టకుండా పోయిన పిల్లలు అందరూ ఆ ఒక్క అంకెలో ఉన్నారు.

పోషణను కొలవడం గురించి సీమకు సంబంధించిన మొట్టమొదటి పెద్ద వాదం ఈ కరువులోనే జరిగింది. భారత ప్రభుత్వం తరఫున కరువు పనుల మీద తనిఖీకి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించడం కోసం 1877 మొదట్లో కూలి గింజలకు కోత పెట్టాడు. రాళ్లు కొట్టే, మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, పైకి కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. అంతకుముందు ఇస్తున్నది పౌనున్నర. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న వైద్యుడు డబ్ల్యూ. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. కష్టం చేసే ఒంటికి గింజ ఒక్కటే చాలదని, పప్పు లేని తిండి కండను నిలపలేదని, ఆ కూలితో మనిషి మెల్లమెల్లగా చిక్కి ఏదో ఒక చిన్న జబ్బుకే పోతాడని ఆయన వాదన. కొన్ని నెలలకే మద్రాసు ప్రభుత్వానికి కూలి పెంచక తప్పలేదు.

కార్నిష్ చేతిలో నెత్తురు పరీక్ష ఏదీ లేదు. చేతుల మందం, కాళ్లలో చేరే నీరు, విరేచనాలు, నడక తడబాటు, ఇవే ఆయన చూసిన గుర్తులు. అవి కూడా నిజమైన సూచికలే. ఎవరు ఎన్నాళ్లు నిలుస్తారో కరువు శిబిరం వైద్యుడు వాటితోనే అంచనా వేశాడు. మద్రాసు కరువు ఆస్పత్రుల్లో చనిపోయినవారి శరీరాలను వందలాదిగా కోసి చూసిన అలెగ్జాండర్ పోర్టర్ 1889లో ఆ కరువు జబ్బుల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. గుండె, కాలేయం, పేగులు ఎంత కుదించుకుపోయాయో నమోదు చేసిన ఆ పని, ఆకలి మీద జరిగిన తర్వాతి పరిశోధనలకు ఆధారాల్లో ఒకటైంది. ఆకలితో చచ్చిన పెద్దవాళ్లలో కాలేయం చిన్నబోతుంది. పిల్లల విషయంలో మాత్రం వైద్యులకు వేరే సంగతి కనిపించింది. అది తేలడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఆకలి పట్టించిన కొవ్వు

1930లలో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఒక వింత జబ్బును వర్ణించింది. తల్లిపాలు మాన్పించి పిండి గంజి మీద పెంచిన బిడ్డలకు ఒళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి, చర్మం పెచ్చులూడి, కాలేయం పెద్దదయ్యేది. అక్కడి జనం దాన్ని క్వాషియోర్కర్ అనేవారు. వైద్యశాస్త్రం కూడా ఆ పేరునే తీసుకుంది. 1948లో జాన్ వాటర్‌లో వెస్టిండీస్ పసిపిల్లల్లో ఇదే జబ్బును పరిశీలించి, దాన్ని కొవ్వు కాలేయ జబ్బుగానే పేర్కొంటూ నివేదిక రాశాడు. ఫ్యాటీ లివర్ అనే మాట ఇలా ఆకలి బిడ్డల దగ్గర పెద్ద పరిశోధన విషయమైంది.

ఆకలిలో కొవ్వు చేరడం వెనక కారణం ఇది. కాలేయంలో తయారైన కొవ్వు నెత్తురులోకి వెళ్లాలంటే దాన్ని మోసే మాంసకృత్తి ఒకటి కావాలి. తిండిలో మాంసకృత్తులు చాలకపోతే ఆ వాహకం తయారు కాదు, కొవ్వు కాలేయ కణాల్లోనే ఉండిపోతుంది. అదే కారణంతో అల్బుమిన్ కూడా తగ్గుతుంది. అల్బుమిన్‌ను కాలేయమే తయారుచేస్తుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచడం దాని పనుల్లో ఒకటి. అది తగ్గితే నీరు కండలోకీ చర్మం కిందికీ దిగుతుంది. అందుకే చాలాకాలం అల్బుమిన్ పోషణకు నమ్మకమైన సూచికగా నిలిచింది. పెద్దల నెత్తురులో అది మామూలుగా డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉంటుంది.

భారతదేశంలో ఈ పరిశోధనకు కేంద్రం కూనూరులో ఉండేది. రాబర్ట్ మెకారిసన్ 1918లో బెరిబెరి పరిశోధన కోసం మొదలుపెట్టిన చిన్న గది న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్‌గా పెరిగి, 1958లో హైదరాబాద్ తార్నాకకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. దానికి సంచాలకుడిగా పనిచేసిన సి. గోపాలన్ క్వాషియోర్కర్ మీద 1968లో ఒక ముఖ్యమైన వాదన పెట్టాడు. బాగా చిక్కిపోయే మరాస్మస్ బిడ్డల తిండికీ, ఒళ్లు ఉబ్బి కాలేయానికి కొవ్వు పట్టే క్వాషియోర్కర్ బిడ్డల తిండికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకే రకం కొరతకు ఒక ఒళ్లు సర్దుకుంటుంది, మరో ఒళ్లు సర్దుకోలేదని ఆయన అభిప్రాయం. సర్దుబాటు చెడటానికి జబ్బులు కూడా కారణమని తర్వాతి పరిశోధన సూచించింది. నెవిన్ స్క్రిమ్‌షా, కార్ల్ టేలర్, జాన్ గోర్డన్ 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున రాసిన గ్రంథం పోషణ లోపం జబ్బును, జబ్బు పోషణ లోపాన్ని పెంచుతాయని నిరూపించింది.

ఆకలి కాలేయంలో మరో విశేషం ఉంది. బిడ్డకు పాలు, పప్పు, గుడ్డు అందితే ఆ కొవ్వు కొన్ని వారాల్లో కరిగిపోతుంది. అది కాలేయం గట్టిపడే సిర్రోసిస్‌కు దారితీయదు. అంటే కొవ్వు ఉన్నంత మాత్రాన కాలేయం చెడిపోదు. కొవ్వుకు తోడుగా వాపు చేరిందా లేదా అన్నదే భవిష్యత్తును తేలుస్తుంది. తర్వాతి అరవై ఏళ్ల పరిశోధన ఈ సంగతి చుట్టూనే తిరిగింది.

వాపును అంకెగా మార్చిన పరీక్షలు

వాపు అంటే ఇక్కడ కాళ్లలో నీరు దిగడం కాదు. గాయానికీ, సూక్ష్మజీవికీ, చెడిన కణానికీ శరీరం ఇచ్చే ప్రతిస్పందన, వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేది. దీన్ని కొలిచిన తొలి సాధారణ పరీక్ష ఈఎస్ఆర్. స్వీడన్‌లో రాబిన్ ఫారియస్ 1918లో, ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ 1921లో దీన్ని వాడుకలోకి తెచ్చారు. గడ్డకట్టకుండా మందు కలిపిన నెత్తురును నిలువు గాజు గొట్టంలో పోసి నిలబెడతారు. గంట తర్వాత ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. వాపు ఉంటే ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి తొందరగా దిగుతాయి. కరెంటు లేని పల్లె ఆస్పత్రిలోనూ చేయగలిగిన పరీక్ష కావడం వల్ల క్షయ రోగుల దగ్గర ఇది దశాబ్దాల పాటు పనిచేసింది.

1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల నెత్తురులో ఒక కొత్త పదార్థం కనుగొన్నారు. న్యుమోనియా సూక్ష్మజీవి పైపొరలోని సి అనే చక్కెర పదార్థంతో కలిసి అది పేరుకునేది. దానికే సి-రియాక్టివ్ ప్రోటీన్, సీఆర్‌పీ, అని పేరు వచ్చింది. జబ్బు పెరిగితే కొన్ని గంటల్లోనే పెరిగి, తగ్గితే అంత తొందరగానూ తగ్గుతుంది.

సీఆర్‌పీని తయారుచేసేదీ కాలేయమే. వాపు సంకేతం అందగానే కాలేయం తన పని వరస మార్చుకుంటుంది. సీఆర్‌పీ లాంటివి ఎక్కువగా, అల్బుమిన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. రక్తనాళాల్లోని అల్బుమిన్‌లో కొంత బయటికి కారిపోతుంది కూడా. అందువల్ల అల్బుమిన్ తగ్గడానికి తిండి లేకపోవడం ఒక్కటే కారణం కాదు, వాపు కూడా కావచ్చు. అమెరికాలో కృత్రిమ పోషణ వైద్యుల సంఘం ఆస్పెన్ 2020లలో ఈ విషయాన్ని అధికారికంగానే ప్రకటించింది: అల్బుమిన్ పోషణకు నేరుగా సూచిక కాదని, వాపుకూ దాని వల్ల వచ్చే ముప్పుకూ సూచికని. అయినా భవిష్యత్తు చెప్పడంలో దాని విలువ తగ్గలేదు. పోషణ లోపమైనా వాపైనా రెండూ చెడు వార్తలే, ఆ రెండింటినీ కలిపి చూపే అంకె అది.

కాలేయ రోగి పడక దగ్గర

పోషణను కాలేయ రోగి భవిష్యత్తుతో నేరుగా ముడిపెట్టింది చార్లెస్ చైల్డ్, జెరెమియా టర్కాట్ అనే అమెరికా శస్త్రవైద్యులు. కాలేయం గట్టిపడిన రోగికి ఆపరేషన్ చేస్తే తట్టుకుంటాడా అని తేల్చడానికి 1964లో వాళ్లు ఐదు అంశాలు చూడమన్నారు: బిలిరుబిన్, అల్బుమిన్, పొట్టలో నీరు, తెలివి మందగించడం, పోషణ. పోషణను బాగు, మధ్యస్థం, హీనం అని వైద్యుడు కంటితో చూసి నిర్ణయించాలి. 1973లో లండన్‌లో ప్యూ, ఆయన సహచరులు దీన్ని సవరించారు. పోషణ అంచనా ఒక్కో వైద్యుడి చేతిలో ఒక్కోలా ఉంటోందని దాన్ని తీసేసి, నెత్తురు గడ్డకట్టే సమయాన్ని చేర్చారు. చైల్డ్-ప్యూ స్కోరు పేరుతో అదే నేటికీ ప్రతి పెద్దాస్పత్రిలో వాడుకలో ఉంది. కొలత కచ్చితమైంది, కానీ పోషణ ఆ పట్టికలోంచి జారిపోయింది.

ఆ లోటును తీర్చే ప్రయత్నం ఇతర శాఖల నుంచి వచ్చింది. 1984లో జపాన్‌లో ఒనోడెరా బృందం జీర్ణవ్యవస్థ క్యాన్సర్ ఆపరేషన్ల కోసం ఒక సులభ సూత్రం ఇచ్చింది: అల్బుమిన్ గ్రాములను పదితో గుణించి, దానికి లింఫోసైట్ తెల్లకణాల సంఖ్యలో వెయ్యికి ఐదు వంతులు కలపాలి. దీన్ని ప్రోగ్నోస్టిక్ న్యూట్రిషనల్ ఇండెక్స్, క్లుప్తంగా పీఎన్‌ఐ, అంటారు. 2001లో న్యూట్రోఫిల్ కణాలను లింఫోసైట్లతో భాగించే ఎన్ఎల్ఆర్ నిష్పత్తి వాడుకలోకి వచ్చింది. వాపు పెరిగితే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, ఒంటికి ఒత్తిడీ పోషణ లోపమూ ఉంటే లింఫోసైట్లు తగ్గుతాయి. గ్లాస్గోలో సీఆర్‌పీ, అల్బుమిన్ కలిపి చూసే స్కోరు, స్పెయిన్‌లో అల్బుమిన్, లింఫోసైట్లు, కొలెస్టరాల్ కలిపి చూసే కోనట్ స్కోరు 2000ల తొలి సంవత్సరాల్లో వచ్చాయి. 2013లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల కోసం శరీర ద్రవ్య సూచిక, అల్బుమిన్, ఎన్ఎల్ఆర్ మూడింటినీ కలిపి ఏఎల్ఐ అనే సూచిక చేశారు. ఇవి ఎక్కువగా క్యాన్సర్ వార్డుల్లోనూ శస్త్రచికిత్స వార్డుల్లోనూ పుట్టి, తర్వాత కాలేయ రోగుల దగ్గరికి నడిచి వచ్చినవి.

గింజ మారిన పొలం, మారిన కంచం

ఈలోగా సీమ కంచం మారిపోయింది. 1950ల మొదట్లో వరసగా వానలు లేక రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించాల్సి వచ్చింది. కరువు పనులు చేసి, ఆ గంజి తాగి పెరిగిన తరమే తర్వాత రేషన్ బియ్యం అందుకుంది. 1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. ఆకలి చావుల సీమకు అది పెద్ద అండ, పేద ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. అదే సమయంలో జొన్న, కొర్ర అంగడిలోనూ పొలంలోనూ వెనకబడ్డాయి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, సాంబ మసూరి, కర్నూలు కాలువ కింద విస్తరించింది. పాలిష్ పట్టిన సన్నబియ్యం కర్నూలు సోనా పేరుతో ఊళ్లు దాటి అమ్ముడుపోయింది. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ సర్వేలు ఆంధ్రలో చిరుధాన్యాల వాడకం క్రమంగా తగ్గడాన్ని నమోదు చేశాయి.

సీమ గింజను కాపాడిన చోటు కూడా ఇక్కడే ఉంది. 1906లో ఏర్పడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం జొన్న, పత్తితో పాటు కొర్ర మీదా పనిచేసింది. కృష్ణదేవరాయ, నరసింహరాయ, శ్రీలక్ష్మి, సూర్యనంది, రేనాడు అనే కొర్ర రకాలు అక్కడివే.  చక్కెర జబ్బు, కాలేయ కొవ్వు పెరిగిన ఈ రోజుల్లో పీచు ఎక్కువగా ఉండి, నెత్తురులో చక్కెరను నెమ్మదిగా పెంచే గింజలకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఒకప్పుడు లేనివాడి తిండి అన్న గింజ ఇప్పుడు వైద్యుడు చెప్పి తినిపించే గింజ అయింది.

కలిమి కొవ్వు

మద్యం తాగేవారి కాలేయానికి కొవ్వు పట్టడాన్ని థామస్ ఆడిసన్ 1836లోనే రాశాడు. మద్యం ముట్టనివారిలోనూ అచ్చం అలాంటి కాలేయం కనిపిస్తుందని, దానిలో వాపు, మచ్చలు కూడా ఉంటాయని 1980లో మేయో క్లినిక్‌కు చెందిన యుర్గెన్ లుడ్విగ్ బృందం 20 మంది రోగుల కాలేయ ముక్కలు చూసి చెప్పింది. వాళ్లలో చాలామంది లావుపాటివాళ్లు, కొందరికి చక్కెర జబ్బు. ఆ జబ్బుకు నాన్ ఆల్కహాలిక్ స్టియటోహెపటైటిస్ అని పేరు పెట్టారు. మద్యం లేదనే మాటతో జబ్బుకు పేరు పెట్టడం సరికాదని 2020లోనూ, మళ్లీ 2023లోనూ పేర్లు మార్చారు. ఇప్పుడు జీవక్రియ లోపాలతో వచ్చే కొవ్వు కాలేయ జబ్బుగా, మాస్‌ల్డ్ అనే పొట్టి పేరుతో చెబుతున్నారు.

ఈ జబ్బు లావు మనుషులకే పరిమితం కాదని చెప్పిన ముఖ్యమైన పరిశోధన మనదేశానిదే. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లా పల్లెల్లో జరిపి 2010లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో సుమారు 9 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది, వాళ్లలో సగానికి పైగా లావూ కాదు, పెద్ద పొట్టా లేదు. పొలం పని చేసే సన్నటి మనిషికి కూడా ఈ జబ్బు రావచ్చన్న సంగతి సీమ పల్లెలకు నేరుగా వర్తిస్తుంది. నగరంలో కథ మరీ తీవ్రం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి కలిసి ఐటీ ఉద్యోగుల మీద చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా కాలేయంలో కొవ్వు కనిపించింది.  కేంద్ర ప్రభుత్వం 2021లో ఈ జబ్బును అసంక్రామక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

ఎవరికి ముప్పు

కాలేయంలో కొవ్వు ఉన్న ప్రతి మనిషికీ ప్రాణాపాయం లేదు. ఎక్కువమందికి అది కొవ్వుగానే ఉండిపోతుంది. కొందరిలో వాపు చేరి, మచ్చ పడి, ఆ మచ్చ ముదిరి కాలేయం గట్టిపడుతుంది. దశాబ్దాల పాటు రోగులను వెంబడించి చూసిన అధ్యయనాలన్నీ ఒక్క మాటే చెప్పాయి: ఎంత కొవ్వు ఉందన్నది కాదు, ఎంత మచ్చ ఉందన్నదే ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఈ రోగులు ఎక్కువగా పోయేది గుండెజబ్బుతో. తర్వాతే క్యాన్సర్లు, కాలేయ వైఫల్యం. అందుకే కాలేయాన్ని మాత్రమే చూసే కొలత చాలదు, ఒంటి మొత్తాన్ని చూసే కొలత కావాలి.

మచ్చను నెత్తురు పరీక్షతో అంచనా వేసే ఫిబ్-4 సూత్రం 2006లో వచ్చింది. కాలేయ కణాలు దెబ్బతింటే నెత్తురులో పెరిగే ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఇందులో ఉంటాయి. వయసును ఏఎస్‌టీతో గుణించి, వేలల్లో లెక్కించిన ప్లేట్‌లెట్ల సంఖ్యను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 1.3 కన్నా తక్కువైతే ముప్పు తక్కువ, 2.67 దాటితే ఎక్కువ, నడుమ ఉంటే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష కావాలి. 2007లో వచ్చిన నాఫ్ల్డ్ (మద్యంతో సంబంధం లేని కొవ్వు కాలేయ జబ్బుకు అప్పటి పొట్టి పేరు) ఫైబ్రోసిస్ స్కోరులో వయసు, శరీర ద్రవ్య సూచిక, చక్కెర, ప్లేట్‌లెట్లు, ఏఎస్‌టీ-ఏఎల్‌టీ నిష్పత్తితో పాటు అల్బుమిన్ కూడా ఉంది. 

పోషణ, వాపు సూచికలు దీనికి ఏం కలుపుతాయో ఇద్దరు రోగులను పోల్చితే తెలుస్తుంది. ఇద్దరికీ 50 ఏళ్లు, శరీర ద్రవ్య సూచిక 24, అల్ట్రాసౌండ్‌లో కొవ్వు ఒకే స్థాయి, ఏఎల్‌టీ 36. మొదటి మనిషికి ఏఎస్‌టీ 24, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు, అల్బుమిన్ 4.4, న్యూట్రోఫిల్స్ 4,400, లింఫోసైట్లు 2,200. ఆయన ఫిబ్-4 స్కోరు 0.8, పీఎన్‌ఐ 55, ఎన్ఎల్ఆర్ 2, ఏఎల్ఐ 52.8. రెండో మనిషికి ఏఎస్‌టీ 40, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు, అల్బుమిన్ 3.6, న్యూట్రోఫిల్స్ 4,500, లింఫోసైట్లు 1,500. ఆయన ఫిబ్-4 స్కోరు 1.67, పీఎన్‌ఐ 43.5, ఎన్ఎల్ఆర్ 3, ఏఎల్ఐ 28.8. విడివిడిగా చూస్తే రెండో మనిషి అంకెల్లో భయపెట్టేది ఒక్కటీ లేదు, అల్బుమిన్ కూడా మామూలు హద్దులోనే ఉంది. కలిపి చూస్తే అన్నీ ఒకే వైపు మొగ్గుతున్నాయి: వాపు పైకి, నిల్వ కిందికి. ముందుగా గమనించాల్సింది ఆయన్నే. ఈ పరీక్షలన్నీ జిల్లా ఆస్పత్రిలో మామూలుగా చేసే రక్తకణాల లెక్కలోంచి, కాలేయ పరీక్షలోంచి వచ్చేవే, కొత్త యంత్రం అక్కర్లేదు.

అమెరికా జాతీయ ఆరోగ్య, పోషణ సర్వేలో పాల్గొన్న వేలమందిని ఏళ్ల తరబడి చూసిన పరిశోధకులు ఇటీవల ఈ సూచికలను ఫ్యాటీ లివర్ రోగులకు వర్తింపజేశారు. పీఎన్‌ఐ, ఏఎల్ఐ తక్కువగా ఉన్నవారిలోనూ, ఎన్ఎల్ఆర్, సీఆర్‌పీ-అల్బుమిన్ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారిలోనూ మరణాలు ఎక్కువని వాళ్ల ఫలితాలు. ఇవి ముప్పుతో సంబంధాన్ని చూపుతాయి, ముప్పుకు కారణాన్ని కాదు. జలుబు చేసినా, పంటికి చీము పట్టినా సీఆర్‌పీ, న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. క్షయ, దీర్ఘకాలపు కీళ్లవాతం ఉంటే అల్బుమిన్ తగ్గుతుంది. కిడ్నీ జబ్బులో అది మూత్రంలో పోతుంది. ఏఎల్ఐ సూత్రంలో బరువు ఎక్కువైన కొద్దీ అంకె మంచిగా కనిపిస్తుంది, పొట్ట పెరిగిన మనిషి విషయంలో అది తప్పుదారి పట్టించవచ్చు. అందుకే ఒకసారి చేసిన పరీక్షతో తీర్పు చెప్పకూడదు. జ్వరం, పుండ్లు లేనప్పుడు మళ్లీ చేసి, అంకె ఏ దిశలో నడుస్తోందో చూడాలి. నడుము చుట్టుకొలత, చేతి పట్టు బలం, మూడు నెలల సగటు చక్కెర వాటి పక్కన ఉండాలి.

బాల్యం రాసిపెట్టిన లెక్క

తెలుగు నేల మీదే జరిగిన ఒక దీర్ఘకాలపు పరిశోధన ఈ కథలోని రెండు కొసలనూ కలుపుతుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం నడిపింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందింది, మిగతా పల్లెల్లో ఆ కార్యక్రమం అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. అదనపు ఆహారం అందిన పల్లెల పిల్లలు కాస్త పొడుగ్గా పెరిగారు, వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడమే కలిమి కొవ్వు కాలేయానికి మూలం. అంటే కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ పడిన కొరత, తర్వాత వచ్చిన కలిమిని తట్టుకునే శక్తిని తగ్గించవచ్చు.

కర్నూలు, నంద్యాల సీమలో అరవై దాటిన తరం గంజి కేంద్రాల కాలంలోనో ఆ తర్వాతి కొరత ఏళ్లలోనో పుట్టింది, నడివయసులో బియ్యం కంచానికి అలవాటుపడింది. ఈ తరానికి పోషణ లోపం గురించీ, కొవ్వు గురించీ విడివిడిగా అడిగితే సగమే తెలుస్తుంది. 1950లలో మొదలైన కర్నూలు వైద్య కళాశాల నుంచి 2023లో తెరిచిన నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల దాకా ఇక్కడి ఆస్పత్రుల్లో ఫ్యాటీ లివర్ రోగి చీటీ మీద కొవ్వు స్థాయితో పాటు ఫిబ్-4, అల్బుమిన్, రక్తకణాల నిష్పత్తి కూడా రాస్తే ఎవరిని ముందు చూడాలో తేలుతుంది. విదేశీ సర్వేల్లోంచి తీసిన హద్దు అంకెలను అలాగే వాడకుండా, ఇక్కడి రోగులను ఏళ్ల తరబడి వెంబడించి ఇక్కడి హద్దులు నిర్ణయించాలి. చికిత్సలోనూ ఈ రెండు కోణాలు ఉండాలి. లావు ఉన్నవాళ్లు బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయ వాపు తగ్గుతుంది, కొందరిలో మచ్చ కూడా వెనక్కి మళ్లుతుంది. కానీ అన్నం తగ్గించమన్నప్పుడు పప్పు, గుడ్డు, పాలు తగ్గకూడదు. పేద రోగి అన్నంతో పాటు పప్పునూ తగ్గించుకుంటే కొవ్వుకు బదులు కండ కరుగుతుంది. కష్టం చేసే ఒంటికి గింజ ఒక్కటే చాలదని 1877లో కార్నిష్ చేసిన వాదన బరువు తగ్గాల్సిన నేటి రోగికీ అంతే వర్తిస్తుంది.